నాలుగు ఊదా వేళ్ళు

“నిన్న ఆ అమ్మాయి ఈ గదిలో అడుగే పెట్టలేదు మేడమ్. ఎన్నిసార్లు అడిగినా నా సమాధానం అదే.”

యూనివర్సిటీ లైబ్రరీలో ఆర్కైవ్ ఆఫీసరు ఈ మాట అనడం మూడోసారి. మొదటిసారి అన్నప్పుడు కళ్ళజోడు తుడుచుకున్నాడు. రెండోసారి నీళ్ళు తాగాడు. ఇప్పుడు కుర్చీ జరుపుకుని తన కంప్యూటరుకి అడ్డంగా కూర్చున్నాడు. కంప్యూటరు ఊసు ఎవరూ ఎత్తకముందే దానికి కాపలా కాస్తున్నాడంటే, గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టే.

“లేవండి,” అంది కందిరీగ.

“ఏంటి మేడమ్?”

“కుర్చీలోంచి లేవండి. ఎంతసేపని అలా వంకరగా కూర్చుంటారు, నడుం పట్టేస్తుంది.”

కందిరీగ అనే పేరు ఆమెకి అమ్మానాన్నలు పెట్టింది కాదు. పోలీసు డిపార్ట్‌మెంటులో ఉన్నప్పుడు తోటివాళ్ళు తగిలించారు. పిల్లవాడు పుట్టాక ఉద్యోగం వదిలింది గానీ పేరు వదల్లేదు. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటోంది. కుట్టే అలవాటు మాత్రం అలాగే ఉంది.

ఆఫీసరు లేచాడు. లేవక తప్పలేదు.

తెల్లటి కీబోర్డు. అక్షరాల మీటలన్నీ తళతళ మెరుస్తున్నాయి, వాటి సందుల్లో మాత్రం ఏళ్ళనాటి బిస్కెట్ పొడి ఉంది. అంటే పైపైన ఎవరో ఈమధ్యే తుడిచారు. కింది వరసలో పొడుగ్గా ఉండే మీట అంచున, కుడివైపు, బఠాణీ గింజంత ఊదా మరక.

“ఇదేంటి?”

“సిరా అయి ఉంటుంది మేడమ్.”

“మీ చేతులు చూపించండి.” ఆయన చూపించాడు. శుభ్రంగా ఉన్నాయి. “సిరా మీది కాదు. మాట మాటకీ మధ్య ఈ మీట నొక్కేది బొటనవేలితో. చేతులనిండా ఊదారంగుతో ఎవరో ఇక్కడ కూర్చుని టైపు చేశారు. మీరు కంగారులో పైమీటలు తుడిచి కింద మీట మర్చిపోయారు. ఇంకో అబద్ధం చెప్పేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ పిల్ల ఇంకా బతికే ఉంది. రేపు లేచి నోరు విప్పితే మీ ఉద్యోగం సంగతి ఏమవుతుందో మీరే ఆలోచించుకోండి.”

ఆఫీసరు కూలబడ్డాడు. పెద్దవాడు, రిటైరుమెంటుకి దగ్గరపడ్డవాడు. ఇంకోరోజయితే కందిరీగకి జాలి వేసేదే. ఇవాళ వేయలేదు.

ఎందుకు వేయలేదో చెప్పాలంటే పొద్దుటి సంగతి చెప్పాలి. తెల్లారేసరికి ఒక టైలరమ్మ ఆమె తలుపు తట్టింది. మెడలో టేపు కూడా తీయకుండా ఆసుపత్రి నించి నేరుగా వచ్చేసింది. నిన్న మధ్యాహ్నం ఈ లైబ్రరీ మెట్ల మీదినించి కిందపడి స్పృహలేకుండా ఉన్న రీసెర్చి స్కాలరు ఆమె చెల్లెలు. ఇంట్లో చిట్టి అంటారు. తల్లి పోయాక అక్కే మిషను తొక్కి పెంచింది. పోలీసులు ఆత్మహత్యాయత్నం అన్నారు. అక్క మాత్రం, “మా చిట్టి బొద్దింకని చూసి కుర్చీ ఎక్కుతుంది గానీ మెట్లమీదినించి దూకే మనిషి కాదు మేడమ్‌గారూ,” అంటూ సంచిలోంచి ఒక మందుసీసా తీసి బల్లమీద పెట్టింది.

పసిపిల్లల జ్వరానికి వేసే చుక్కల మందు. ఎర్రమూత సీసా. అదే సీసా కందిరీగ వంటింట్లోనూ ఉంది.

చిట్టి ల్యాబ్‌లో ఆ సీసాలు తెరిచి పరీక్ష చేసింది. మూత తీయని సీసాల్లోనే క్రిములు పెరుగుతున్నాయని తేలింది. అయితే ఆ మందు భేషైనదని అంతకు ముందే ఒక పేపరు రాసి సంతకం పెట్టినవాడు ఎవరో కాదు, చిట్టికి రీసెర్చి చేయించే గైడు. ఆయన పేపరు చందా కట్టినవాళ్ళకి తప్ప కనిపించని జర్నల్లో ఉంది. “తాళం వేసిన గదిలో దీపం పెట్టి ఊరికి వెలుగిచ్చాననుకుంటే ఎలా అక్కా,” అనేదట చిట్టి. అందుకే తన పేపరు తీసుకెళ్ళి యూనివర్సిటీ వాళ్ళ ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో పెట్టింది. అది తాళాల్లేని ఇల్లు. ప్రపంచంలో ఏ మూలనున్నవాళ్ళయినా, ఎవరినీ అడక్కుండా చదువుకోవచ్చు. నిన్న పొద్దున పెట్టింది. మధ్యాహ్నానికల్లా పేపరూ లేదు, చిట్టికి తెలివీ లేదు.

“మధ్యాహ్నం ముందు వచ్చింది మేడమ్,” అన్నాడు ఆఫీసరు, గోడవైపు చూస్తూ. “చేతులు ఊదారంగు. క్రిములకి వేసే రంగు చేతులమీద ఒలికిందట. కడుక్కున్నా పోలేదంది, చెమట పట్టినప్పుడల్లా అంటుతూనే ఉంది. కీబోర్డు ముట్టుకోకమ్మా అంటే వినలేదు. కాసేపు ఏదో చూసుకుని వెళ్ళింది. ఆ తర్వాత మెట్ల మీద పడిందని తెలిసి భయమేసింది. తుడిచేశాను.”

“ఏదో చూసుకుంది అంటే?”

“తన పేపరు సరిగ్గా ఉందో లేదో చూసుకుంది.”

చెప్పేటప్పుడు మళ్ళీ కళ్ళజోడు తీశాడు. కందిరీగ అది గమనించి, గమనించనట్టు వదిలేసింది. ముడి ఎక్కడుందో తెలిశాక లాగడానికి తొందరలేదు.

“ఇప్పుడు ఆ పేపరు ఏది?”

ఆయన తెరమీద చూపించాడు. పేపరు పేరుంది, చిట్టి పేరుంది. కింద ఉండాల్సినదేదీ లేదు. రెండు ముక్కలు మాత్రం ఉన్నాయి: రచయిత కోరికపై ఉపసంహరించబడింది. కారణం: లెక్కల్లో తప్పులు.

“సమాధి పేజీ అంటాం దీన్ని,” అన్నాడు ఆఫీసరు. “లోపలిది తీసేసినా రాయి ఉంచుతాం.”

“మనిషి పోకముందే సమాధి కట్టేశారన్నమాట. ఎవరు తీయించారు?”

“తీయమని అడిగింది గైడుగారు. కానీ ఆయన అడిగితే చాలదు మేడమ్. పెట్టినవాళ్ళు ఒప్పుకోవాలి. వాళ్ళ ఫోనుకి కబురెళ్తుంది. దానిమీద వాళ్ళ బొటనవేలు ఆనిస్తేనే పోతుంది.”

“పాస్‌వర్డు చాలదా?”

ఆఫీసరు మొదటిసారి కాస్త నవ్వాడు. “ఇక్కడ పాస్‌వర్డులకి విలువెక్కడిది మేడమ్. ఏ ల్యాబ్‌కి వెళ్ళినా స్కాలర్ల పాస్‌వర్డులన్నీ గైడుల దగ్గరే ఉంటాయి. చేరిన రోజే చెప్పేయాలి, అదో ఆనవాయితీ. వాళ్ళ పేరుతో పెట్టేదీ వీళ్ళే, తీసేదీ వీళ్ళే. రెండుమూడు గొడవలయ్యాక ఈ వేలిముద్ర పద్ధతి పెట్టాం. ఆ అమ్మాయి వేలు ఒంటిగంటకి పడింది. ఆ తర్వాత కాసేపటికి ఊడ్చే ఆమె వెళ్ళి చూస్తే మెట్ల మలుపులో పడి ఉంది. అందుకే ఇన్‌స్పెక్టరుగారు కూడా, తప్పు తెలిసింది, తీసేసింది, సిగ్గుతో దూకింది అన్నారు.”

బొటనవేలు.

కందిరీగ బుర్రలో ఏదో టక్కుమంది. పొద్దున ఆసుపత్రిలో చిట్టి మంచం పక్కన నిలబడ్డప్పుడు అక్క ఆ కుడిచేతిని తన ఒళ్ళో పెట్టుకుని అన్న మాట. “చూడండి మేడమ్‌గారూ, నాలుగు వేళ్ళూ వంకాయల్లా ఉన్నాయి. సబ్బుకి పోలేదు, నూనెకి పోలేదు. స్పిరిట్ పెడితేనే పోతుందంట, నర్సమ్మ చెప్పింది, తీరిక దొరికితే తుడుస్తానంది. బొటనవేలు మాత్రం కడిగిన ముత్యంలా ఉంది. దానికెందుకు అంటలేదో.”

అంటకపోవడమేమిటి. ఆ బొటనవేలి మరక ఇప్పుడు తన కళ్ళముందు కీబోర్డు మీదే ఉంది.

“ఈ మీట ముట్టుకున్నారా, మీ పని నేను చూస్తాను,” అని ఆఫీసరుకి వేలు చూపించి, కందిరీగ మెట్లవైపు నడిచింది.

*

మూడో అంతస్తు మలుపు దగ్గర పోలీసుల తాడు ఒకటి కట్టి ఉంది గానీ కాపలా లేదు. తాడు కూడా ఒకవైపు ఊడి వేలాడుతోంది. కేసు మూసేయాలని ముందే అనుకున్నవాళ్ళు కట్టే తాడు అలాగే ఉంటుంది.

ఆమె ముందు నేల చూసింది. కింద, రెండో అంతస్తు మలుపులో, సుద్దతో గీసిన మనిషి ఆకారం. ముందుకి దూకితే కాళ్ళు మెట్లవైపు ఉండాలి. ఇక్కడ తల మెట్లవైపు ఉంది. వెనక్కి పడింది.

తర్వాత రెయిలింగు. తెల్లరంగు వేసి నెల కూడా అయినట్టు లేదు. పైన ఏమీ లేదు. కందిరీగ మోకాళ్ళమీద కూర్చుని తల వంచి చూసింది. లోపలివైపు, గొట్టం వంపులో, నాలుగు ఊదా చారలు. మొదట్లో చిక్కగా, పోనుపోను పలచగా, పట్టు జారినట్టు సాగి ఉన్నాయి. ఆమె లేచి రెయిలింగు మీదుగా ఒంగి అవతలివైపు చూసింది. అక్కడ ఒకే ఒక్క ముద్ర. సాగలేదు, చెదరలేదు. అచ్చుగుద్దినట్టు, గీతలతో సహా.

తన చేయి పెట్టి చూసుకుంది. ఇటు నిలబడి పట్టుకుంటే వేళ్ళు అటు, బొటనవేలు ఇటు ఉంటాయి. ఇక్కడ అంతా తిరగేసి ఉంది. అంటే అవతల వేలాడుతున్న మనిషి పట్టుకున్న పట్టు ఇది. చావాలనుకున్నవాళ్ళు ఇలా పట్టుకోరు.

పట్టుకున్నప్పుడు బొటనవేలికి రంగుంది. దొరికినప్పుడు లేదు.

ఆ మధ్యలో ఏం జరిగిందో ఆమె కళ్ళకి కట్టింది. వద్దన్నా కట్టింది. తెలివితప్పి పడి ఉన్న పిల్ల. పక్కన మోకాళ్ళమీద ఒక మనిషి. అంబులెన్సుకి ఫోను చేయడు. నాడి చూడడు. ఆ పిల్ల సంచిలోంచి ఆమె ఫోను తీస్తాడు, వేలు తీసుకుని ఆనిస్తాడు. రంగు పట్టిన వేలిని ఫోను ఒప్పుకోదు. అప్పుడు జేబులోంచి స్పిరిట్ దూది తీసి, పసిపిల్లకి ముక్కు తుడిచినంత ఓపిగ్గా ఆ ఒక్క వేలూ తుడుస్తాడు. ల్యాబ్ మనిషి. స్పిరిట్ దూది లేనిదే గడపదాటని మనిషి.

కందిరీగకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఎవరా అనుకున్నా. కందిరీగా? పోలీసు తాడు దాటితే కేసు పెడతారని మర్చిపోయావా, ఇంట్లో ఉండి ఉండి?”

ఇన్‌స్పెక్టరు మెట్లెక్కి వస్తున్నాడు. ట్రైనింగులో ఆమె పక్క బెంచీ. ఆమె ఉద్యోగం వదిలాక ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నవాడు. ఆ కుర్చీ తన ప్రతిభకే వచ్చిందని ఇంటా బయటా చెప్పుకుంటాడు.

“తాడు ఊడిపోయి ఉంది. కట్టడం కూడా రాలేదు నీకు,” అంది కందిరీగ. “ఇలా వచ్చి వంగు.”

“నీ ముందు వంగాలా?”

“నా ముందు కాదు, రెయిలింగు ముందు. పొట్ట అడ్డమైతే చెప్పు, అద్దం పెట్టి చూపిస్తా.”

అతను చిరాకుగా వంగి చూశాడు.  లేచి చేతులు దులుపుకున్నాడు.

“అయితే? దూకాక భయమేసి పట్టుకుని ఉంటుంది. ఆఖరి క్షణంలో అందరికీ ప్రాణం తీపే.”

“మరి బొటనవేలు? ఇక్కడ ఊదారంగు, ఆసుపత్రిలో తెలుపు. గాల్లో పడుతూ పడుతూ తుడుచుకుందా?”

“ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెడతారు, ఊపిరి చూడ్డానికి. దానికోసం నర్సు తుడిచి ఉంటుంది. రెండు నిమిషాల్లో తేలే దానికి ఇంత కథా?”

“క్లిప్పు ఎడమచేతి చూపుడువేలికి పెట్టారు. నిన్నటినించి అక్కడే ఉంది. నువ్వు ఆసుపత్రికి వెళ్ళావా అసలు?”

ఇన్‌స్పెక్టరు వెళ్ళలేదు. అది అతని ముఖంలోనే ఉంది.

“చూడు, గైడుగారు మర్యాదస్తుడు,” అన్నాడు. “నిన్న నా ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లెక్క తప్పని నేనే చెప్పానండీ, అంత కఠినంగా చెప్పకుండా ఉండాల్సింది అని తల బాదుకున్నాడు.”

“ఏడిస్తే చాలన్నమాట నీకు. మా ఇంట్లో ఒకడున్నాడు, ఏడాదిన్నర వాడు. వాడూ అన్నం నేలపాలు చేసి ముందు తనే ఏడుస్తాడు.”

అప్పుడే ఆమె ఫోను మోగింది. అమ్మ. ఇన్‌స్పెక్టరు పెదవి ఒక పక్కకి లాగాడు. “తీసుకో తీసుకో. పాలసీసా పిలుస్తోంది.”

“చెప్పమ్మా.”

“పిల్లాడికి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందే,” అంది అమ్మ. “ఆ చుక్కలు వెయ్యనా?”

కందిరీగ ఫోను చెవికి నొక్కుకుంది. “ఏ చుక్కలు? పొద్దున పారేయమన్నాను కదా.”

“సీసా నిండుగా ఉంది కదే. పారేయబుద్ధి కాలేదు. షాపువాణ్ణి అడిగా, అందరూ అదే పట్టుకెళ్తున్నారు, ఏం కాదన్నాడు.”

“అమ్మా. నా మాట విను. సీసా చేతిలో ఉందా? వెళ్ళి సింకులో ఒంపు. నేను ఫోన్లో ఉండగానే ఒంపు. వాడికి తడిగుడ్డ వెయ్. గంటలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.”

అవతల నీళ్ళ చప్పుడు వినిపించేదాకా ఆమె ఫోను పెట్టలేదు.  తన తల్లికి తన మాటే ఎక్కలేదు. ఇక ఊళ్ళో తల్లులకి ఎవరు చెప్తారు? చెప్పిన ఒక్క పేపరుకీ సమాధి కట్టేశారు.

“విన్నావా?” అంది ఇన్‌స్పెక్టరుతో. గొంతు పెద్దది చేయలేదు. దాంతోనే అతనికి ఎక్కువ భయం వేసింది. “ఆ మందు గురించే ఆ పిల్ల రాసింది. నీ ఇంట్లోనూ పిల్లలున్నారు. ఎర్రమూత సీసా ఉందో లేదో మీ ఆవిణ్ణి అడుగు. ఆ తర్వాత మర్యాదస్తుడి కథ చెబుదువుగాని. ముందు ఆ ఫోను ఇవ్వు. చిట్టి ఫోను. దానిమీద స్పిరిట్ వాసనుంటుంది, ఇంకొకడి వేలిముద్రలుంటాయి.”

ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకున్నాడు.

“ఫోను ఇవ్వు.”

“నా దగ్గర లేదు.”

“స్టేషన్లో ఉందా?”

“ల్యాబ్ సమాచారం అంతా అందులో ఉందన్నారు. యూనివర్సిటీ సొత్తు అన్నారు. పైనించి చెప్పించారు కూడా. ఇందాకే…” అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. “గైడుగారికి ఇచ్చేశాను.”

కందిరీగ రెండు క్షణాలు అతన్ని చూసింది. తిట్టడానికి మాటలు లేక కాదు. ఏది ముందు తిట్టాలో తెలియక.

“దొంగచేతికి తాళాలివ్వడం విన్నా గానీ, తాళాలు పోగొట్టుకున్న దొంగని వెతికి మరీ ఇవ్వడం ఇప్పుడే చూస్తున్నా. పద లోపలికి.”

“ఎక్కడికి?”

“నిన్న తన పని అయిపోయింది కదా. పేపరు పోయింది. ఫోను చెత్తకుండీలో పడేసినా అడిగేవాడు లేడు. మరి ఇవాళ పైనించి చెప్పించి మరీ ఆ ఫోను ఎందుకు తెప్పించుకున్నాడు? లోపల ఒకాయన మాటిమాటికీ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఆయనకి తెలుసు.”

*

ఆర్కైవ్ ఆఫీసరు కీబోర్డు ముట్టుకోలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, బడిలో శిక్షపడ్డవాడిలా కూర్చున్నాడు. కందిరీగ వెనకాల ఇన్‌స్పెక్టర్ని చూసేసరికి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు.

“నిన్న చిట్టి ఇక్కడ ఏం చేసింది?” అంది కందిరీగ. “ఈసారి కళ్ళజోడు జోలికి వెళ్ళకుండా చెప్పండి.”

ఆయన ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు తలవంచుకున్నాడు. ఇక ఆదుకునేవాడు లేడని ఆఫీసరుకి అర్థమైంది.

“ఇంకోటి పెట్టింది మేడమ్,” అన్నాడు. “పేపరు కాదు. అసలు సరుకు. ఒక్కో సీసా ఫోటో, మూతమీది నంబరు, ఏ సీసాలో ఏం పెరిగింది, అన్నీ. మొదటిది చదివితే అనుమానం వస్తుంది. ఇది చూస్తే ఇక అనుమానమే ఉండదు.”

“అది కనబడదేం?”

“ఆపి పెట్టమంది. కొన్నింటిని ఇన్నాళ్ళ తర్వాత తెరవమని చెప్పి పెడతారు, మామూలే. ఈమె ఒక్కరోజే అడిగింది. ‘మా సార్ పొద్దున నా పేపరు చూశారు, దాన్ని తీయించకుండా ఊరుకోరు, దానిమీద పడి కొట్టుకుంటూ ఉండగా ఇది బయటికి రావాలి’ అంది. ఇవాళ నాలుగింటికి తెరుచుకుంటుంది. నాలుగింటికే ఎందుకంటే…” ఆయన తెరమీద వేలు పెట్టి చూపించాడు. “రోజూ ఆ వేళకి బయటి దేశాల ఆర్కైవ్‌లు మా దగ్గర కొత్తగా తెరిచినవన్నీ కాపీ తీసుకుంటాయి. నిన్నటిది ఆలోపే తీసేశారు గనక ఎక్కడా మిగల్లేదు. ఇది ఒక్కసారి నాలుగు దాటిందా, ఇక వేలు కాదు, తలకాయ పెట్టినా పోదు.”

గోడ గడియారం మూడు దాటింది.

“ఇది గైడుకి తెలుసా?”

ఆఫీసరు చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళి ఆగింది.

“ఎప్పుడు చెప్పారు?”

“పొద్దున ఫోను చేశారు మేడమ్. ఆ పిల్ల ఇంకేమైనా పెట్టిందా అని అడిగారు. పెద్దాయన అడిగితే ఎలా లేదనను? నా పెన్షను కాగితాలు ఆయన కమిటీలోనే…” మిగతాది నమిలి మింగేశాడు.

“మీరే తీసేయొచ్చుగా, అంత భక్తి ఉంటే.”

“నా చేతుల్లో లేదు మేడమ్. కమిటీ కూర్చోవాలి, వారం పడుతుంది. లేదంటే…”

“లేదంటే ఆ పిల్ల బొటనవేలు.”

ఆయన తలూపాడు. తలూపడం పూర్తికాకముందే కంప్యూటరు చిన్నగా గంట కొట్టింది. ముగ్గురూ తెరవైపు తిరిగారు. కొత్తగా ఒక వరస వచ్చి చేరింది.

ఉపసంహరణ కోరినవారు: గైడు. సమర్పించినవారి అంగీకారం కోసం ఎదురుచూస్తోంది.

ఇన్‌స్పెక్టరు ఫోను తీసి ఆసుపత్రి కాపలా కానిస్టేబులు నంబరు వెతికాడు. తర్వాత గుర్తొచ్చి ఆగాడు. ఆత్మహత్య కేసుకి కాపలా దండగని నిన్న సాయంత్రం తనే తీసేశాడు.

కందిరీగ అప్పటికే టైలరక్కకి ఫోను చేసింది. నాలుగుసార్లు మోగాక ఎత్తింది. వెనకాల గ్లాసుల చప్పుడు, జనం మాటలు.

“మేడమ్‌గారూ, మీకే చేద్దామనుకుంటున్నా. చిట్టి వేళ్ళు కదిపింది. నేను పిలిస్తే కనురెప్ప కూడా అదిరింది. సాయంత్రానికి తెలివొస్తుందేమో అన్నారు డాక్టరుగారు. గండం గట్టెక్కినట్టే అనిపిస్తోంది.”

“మీరెక్కడున్నారు?”

“కింద క్యాంటీన్లో. నిన్నటినించి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని వాళ్ళ సారే బలవంతంగా పంపించారు. నేనున్నా వెళ్ళి టీ తాగి రామ్మా అన్నారు. అనవసరంగా ఆయన్ని అనుమానించామేమో మేడమ్‌గారూ. వచ్చిన దగ్గర్నించీ చిట్టి చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. వదిలితే ఒట్టు.”

“ఏ చెయ్యి?”

“కుడిచెయ్యి. ఎందుకూ?”

“టీ అక్కడ పడేసి పైకి పరుగెత్తు,” అంది కందిరీగ. మీరూ గీరూ అన్నీ ఎగిరిపోయాయి. “లిఫ్టు కోసం ఆగకు. గదిలోకి వెళ్ళగానే వాడి చేతిలోంచి ఆ చెయ్యి లాగెయ్. గొలుసు లాగినట్టు లాగు. కొరుకు, రక్కు, ఆసుపత్రంతా లేచేలా కేకలు పెట్టు. చెల్లెలికి తెలివొచ్చిందని మాత్రం వాడి ముందు అనకు. అన్నావా ఇప్పటికే?”

అవతల గ్లాసు కింద పడి పగిలిన చప్పుడు.

“నేనే చెప్పాను,” అంది టైలరక్క. “సంతోషం పట్టలేక ముందు ఆయనకే చెప్పాను.”

తర్వాత మెట్లమీద చెప్పుల చప్పుడు, ఒగర్పు.

కందిరీగ కూడా అప్పటికే మెట్లమీద ఉంది, ఒక చేతిలో ఫోను, రెండో చేత్తో ఇన్‌స్పెక్టరు జీపు తాళాలు లాక్కుని. వెనకనించి ఆఫీసరు కేక వినబడింది. తెరమీద వరస ఇంకా మారలేదట. ఇంకా ఎదురుచూస్తోందట.

ఎంతసేపు ఎదురుచూస్తుంది? నిన్న ఇదే మెట్లమీద వాడికి స్పిరిట్ దూది కావాల్సివచ్చింది. కాసేపైనా ఆలస్యమైంది. ఇవాళ ఆ తుడిచే పని కూడా లేదు. వాడి చేతిలో ఉన్న ఆ వేలు కడిగిన ముత్యంలా ఉంది.